బండికి ఇన్సూరెన్స్ ఉన్నా ఇంటి మీదకు ఎందుకు వస్తుంది? పెద్ద ప్రమాదం తర్వాత యజమాని తెలుసుకోవాల్సినవి

ప్రమాదం జరిగిందని ఫోన్ రాగానే ఇంట్లో మొదట అడిగే మాట "మనవాళ్లకేం కాలేదు కదా?" కాసేపటికి రెండో మాట వస్తుంది: "బండికి ఇన్సూరెన్స్ ఉందా?" ఉందని తెలిస్తే సగం భయం పోతుంది. "కంపెనీ చూసుకుంటుందిలే భాయ్" అని నలుగురూ ధైర్యం చెబుతారు.

చాలా కేసుల్లో ఆ మాట నిజమే. కానీ మూడు నాలుగేళ్ల తర్వాత ట్రిబ్యునల్ తీర్పు వచ్చినప్పుడు, దాని ఆఖరి పేజీలో ఒక్క వాక్యం ఉంటే లెక్కంతా మారిపోతుంది. "బీమా కంపెనీ ముందు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు" అన్నదే ఆ వాక్యం. పాలసీ ఉంది, ప్రీమియం కట్టారు, బాధితులకు డబ్బు కూడా అందింది. అయినా చివరికి ఆ డబ్బు మీరే ఇవ్వాలి. లక్షల్లో ఉండే ఆ మొత్తం కోసం ఇల్లు, పొలం, దుకాణం జప్తు దాకా రావచ్చు.

ఎందుకిలా జరుగుతుంది? మన దేశంలో బీమా పరిమితి చాలావరకు రూపాయల్లో ఉండదు, షరతుల్లో ఉంటుంది. షరతు నిలిస్తే కంపెనీ కోటి రూపాయలైనా కట్టాలి. షరతు తప్పితే మొత్తం మీ మీద పడవచ్చు. ఈ తేడా తెలియకే చాలా కుటుంబాలు ఇబ్బంది పడుతున్నాయి.

పరిమితి దేనికి ఉంది, దేనికి లేదు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రోడ్డు మీదకు వచ్చే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. ఇక్కడ మొదటి పార్టీ మీరు, రెండో పార్టీ కంపెనీ. మీ బండి వల్ల నష్టపోయిన బయటివాళ్లు మూడో పార్టీ.

బయటి వ్యక్తి చనిపోయినా, గాయపడినా కంపెనీ ఇచ్చే పరిహారానికి మామూలు పాలసీలో గరిష్ఠ మొత్తం అంటూ లేదు. ట్రిబ్యునల్ 10 లక్షలు అన్నా, కోటి అన్నా కంపెనీ కట్టాల్సిందే. 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు, పన్ను అదనం. అంత చిన్న మొత్తానికి ఇంత పెద్ద రక్షణ దొరకడం మామూలు విషయం కాదు.

ఆస్తి నష్టానికి మాత్రం పరిమితి ఉంది. మీ కారు వెళ్లి ఒక షాపులోకి దూసుకుపోయినా, ఖరీదైన కారును గుద్దినా, కార్ల పాలసీలో సాధారణంగా 7.5 లక్షల వరకే కంపెనీ ఇస్తుంది. ద్విచక్ర వాహనాలకైతే లక్ష. ప్రీమియం కొద్దిగా తగ్గుతుందని ఈ పరిమితిని 6,000 రూపాయలకు కుదించుకునే వీలు కూడా కొన్ని పాలసీల్లో ఉంటుంది. వంద, రెండొందలు మిగులుతాయని ఆ గడిలో టిక్ పెట్టకండి.

పరిహారం ఎంత దాకా వెళ్తుంది?

"మహా అయితే రెండు మూడు లక్షలు" అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది పాతకాలం లెక్క. సుప్రీంకోర్టు 2009లో సర్లా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఇచ్చిన తీర్పుల ప్రకారం ఇప్పుడు పరిహారం ఒక పద్ధతిలో లెక్కగడతారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 28 ఏళ్ల ఏసీ మెకానిక్, నెలకు 25,000 సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడ్డారు. ప్రమాదంలో చనిపోయాడు.

ఏడాది ఆదాయం 3 లక్షలు. సొంతంగా పని చేసుకునే వ్యక్తి, 40 ఏళ్ల లోపు కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. 4.2 లక్షలు అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 3.15 లక్షలు. 26 నుంచి 30 ఏళ్ల వయసు వారికి దీన్ని 17తో గుణిస్తారు. 53.55 లక్షలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలు, తల్లి కోల్పోయిన తోడు కింద ఇచ్చేది కలిపితే 55 లక్షలు దాటుతుంది.

దీనిమీద కేసు వేసిన రోజు నుంచి వడ్డీ నడుస్తుంది. ఏడాదికి 7 శాతం వేసుకున్నా, నాలుగేళ్లు సాగిన కేసులో మరో 15 లక్షలు. అంటే మొత్తం 70 లక్షల పైమాటే. ఇది పెద్ద ఉద్యోగి కేసు కాదు, మన బస్తీలో మనిషి కేసే. మనిషి బతికి మంచానపడితే, జీవితాంతం వైద్యం, చూసుకునే మనిషి ఖర్చు కలిసి ఇంకా ఎక్కువ కూడా కావచ్చు.

ఇప్పుడు ఆ 70 లక్షలు కంపెనీ కడుతుందా, మీరు కడతారా అన్నదే ప్రశ్న.

ఎక్కడ కంపెనీ చేతులెత్తేస్తుంది?

పాలసీ షరతును యజమాని తెలిసి ఉల్లంఘించాడని నిరూపిస్తే, కంపెనీ ఆ భారం నుంచి తప్పుకోవచ్చు. ఇలాంటి కొన్ని కేసుల్లో కోర్టు బాధితులకు ముందు కంపెనీ చేతే డబ్బు ఇప్పించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటుంది. ఇంకొన్నింటిలో కంపెనీని పూర్తిగా వదిలేసి నేరుగా యజమానినే కట్టమంటుంది. మన ఇళ్లలో తరచూ కనిపించే సందర్భాలు ఇవి.

*పిల్లల చేతికి బండి:* రంజాన్ రాత్రుల్లో, ఈద్ రోజున వీధుల్లో చూడండి. మీసం కూడా రాని పిల్లలు ముగ్గురేసి బైక్ మీద. 18 నిండని పిల్లాడికి బైక్‌కు గానీ, కారుకు గానీ లైసెన్స్ రాదు. 16 నిండితే గేర్లు లేని 50 సీసీ లోపు బండికి మాత్రమే ఇస్తారు. మైనర్ నడిపిన బండి ఎవరినైనా గుద్దితే, పరిహారం ఆఖరికి యజమాని దగ్గరే వసూలవుతుంది. అంతటితో ఆగదు. 2019 సవరణ ప్రకారం తండ్రికి లేదా సంరక్షకుడికి, బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "తాళం వాడే తీసుకున్నాడు, నాకు తెలీదు" అనే మాట నిరూపించుకోవడం తేలిక కాదు.

*లైసెన్స్ లేని పెద్దవాళ్లు:* బైక్ లైసెన్స్ మాత్రమే ఉండి కారు నడపడం, గడువు దాటిన లైసెన్స్‌తో నడపడం కూడా ఈ కోవలోకే వస్తాయి. ముఖ్యంగా గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు గమనించాలి. అక్కడ పదేళ్లు ట్రైలర్ నడిపి ఉండొచ్చు, కానీ ఇక్కడి లైసెన్స్ గడువు ఎప్పుడో అయిపోయి ఉండొచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి స్టీరింగ్ పట్టే ముందు ఆ తేదీ చూసుకోండి.

డ్రైవర్‌ను పెట్టుకున్నవారికి ఒక ఊరట ఉంది. లైసెన్స్ చూసి, బండి నడిపించి చూసి, సరిగానే ఉందని నమ్మి పనిలో పెట్టుకుంటే, తర్వాత అది నకిలీ అని తేలినంత మాత్రాన యజమానిని తప్పుపట్టలేమని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పనిలో చేరిన రోజే లైసెన్స్ ఫొటో తీసి దాచుకోవాలి. ఆటో, చిన్న ట్రాలీ నడిపేవారికీ ఒక మంచి వార్త ఉంది. లైట్ మోటార్ వాహనం లైసెన్స్ ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇంతకుముందు ఈ సాకుతో కంపెనీలు చాలా క్లెయిమ్‌లు ఎగ్గొట్టాలని చూసేవి.

*సరుకు బండిలో మనుషులు:* ఊళ్లో పెళ్లి, వలీమా, ఉరుసు వస్తే డీసీఎం, టాటా ఏస్, ట్రాక్టర్ ట్రాలీ కట్టించుకోవడం మనకు అలవాటు. 30 మందిని ఎక్కించి బయల్దేరతాం. సరుకుతోపాటు వచ్చే సరుకు యజమానికి రక్షణ ఉంటుంది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు మాత్రం సరుకు బండి బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశా రాణి కేసులో చెప్పింది. బండి బోల్తాపడితే ఒకేసారి పది, పదిహేను క్లెయిమ్‌లు వస్తాయి. పాపం, ఆ బండి యజమాని చాలాసార్లు బంధువో, పక్కింటివాడో అయ్యుంటాడు. డీజిల్ ఖర్చు కూడా తీసుకోకుండా సాయం చేసినవాడే ఆఖరికి కోర్టు మెట్లెక్కుతాడు.

*సొంత కారులో కూర్చున్నవాళ్లు:* ఇది చాలామందికి తెలియదు. మీ దగ్గర ఉన్నది కేవలం థర్డ్ పార్టీ పాలసీ అయితే, మీ కారులో కూర్చున్న బంధువులకు, బైక్ వెనక కూర్చున్న స్నేహితుడికి అది వర్తించకపోవచ్చు. ప్యాకేజీ పాలసీ, అంటే మనం కాంప్రహెన్సివ్ అని పిలిచేది అయితే వాళ్లకూ రక్షణ ఉంటుంది. కారు పాతదైపోయింది, రిపేరుకు క్లెయిమ్ ఎందుకులే అని థర్డ్ పార్టీకి మారేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. ఆ కారులో రోజూ ఎక్కేది మన అమ్మీ, మన పిల్లలే కదా.

*తెల్ల నంబర్ ప్లేటుతో కిరాయి:* సొంత కారును శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పితే అది పాలసీ షరతుకు విరుద్ధం. పర్మిట్ లేకుండా తిరిగే రవాణా వాహనాల విషయంలోనూ ఇదే సమస్య వస్తుంది.

*అమ్మేశాం కానీ పేరు మారలేదు:* ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని. బండి మూడు చేతులు మారినా, డబ్బు ఎప్పుడో ముట్టినా, ఆర్‌సీ మీ పేరు మీదే ఉంటే పరిహారం మీరే కట్టాలని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్నవాడు ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయించకపోతే ఇక కంపెనీ అన్నదే ఉండదు. "ఇరవై రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నాం" అంటే సరిపోదు. బండి అమ్మినట్టు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లోపు రవాణా శాఖకు తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవారిదే.

గల్ఫ్‌లో ఉన్నవారికి ఇది ఇంకా ముఖ్యం. మీరు రియాద్‌లో ఉంటారు. మీ పేరున్న కారు కడపలోనో, నిజామాబాద్‌లోనో బావ చేతిలో తిరుగుతుంటుంది. ఆ కారుకు పాలసీ గడువు ఎప్పుడో, నడిపేది ఎవరో మీకు తెలియదు. కేసు మాత్రం మీ పేరు మీదే నడుస్తుంది.

*గడువు దాటిన పాలసీ, మత్తులో నడపడం:* ఒక్కరోజు ముందు పాలసీ అయిపోయినా అయిపోయినట్టే. ప్రమాదం జరిగాక ఫోన్‌లో రెన్యువల్ చేస్తే పాత ప్రమాదానికి పనికిరాదు. పాలసీలో ప్రారంభ సమయం గంటలు, నిమిషాలతో సహా రాసి ఉంటుంది. మత్తులో నడపడాన్ని కూడా 2019 సవరణ కంపెనీకి వాదించుకునే కారణాల్లో చేర్చింది.

వసూలు ఎలా జరుగుతుంది?

మోటారు ప్రమాదాల కేసులు విచారించే ట్రిబ్యునల్ సాధారణంగా జిల్లా కోర్టులోనే ఉంటుంది. డ్రైవర్, యజమాని, కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేరుస్తారు. నోటీసు వస్తుంది. చాలామంది చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. "కంపెనీ లాయర్ ఉన్నాడు కదా" అని నోటీసును అల్మారాలో పడేస్తారు. కోర్టు వారిని ఏకపక్షంగా తేల్చేస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటి. కంపెనీ లాయర్ మీ లాయర్ కాదు. ప్రమాదంలో తప్పు ఎవరిదన్న దానిమీద ఆయన వాదన, మీ వాదన ఒకటే కావచ్చు. కానీ "డ్రైవర్‌కు లైసెన్స్ లేదు, యజమాని షరతు తప్పాడు" అని వాదించేది కూడా ఆయనే. ఆ సమయంలో మీ తరఫున లైసెన్స్, పర్మిట్ చూపించేవారు ఎవరూ లేకపోతే కోర్టు ఆ వాదననే నమ్మాల్సి వస్తుంది. అందుకే నోటీసు రాగానే సొంతంగా వకీలును పెట్టుకుని, జవాబు దాఖలు చేసి, కాగితాలు చూపించాలి.

తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే, కంపెనీ మళ్లీ కొత్త దావా వేయనక్కర్లేదు. అదే ట్రిబ్యునల్‌లో వసూలు పిటిషన్ వేస్తుంది. బండి, బ్యాంకు ఖాతా, ఇల్లు, స్థలం జప్తు చేయించవచ్చు. జీతం ఉంటే కొంత భాగం పట్టుకోవచ్చు. భూమి శిస్తు బకాయి లాగా కలెక్టర్ ద్వారా వసూలు చేసే దారి కూడా చట్టంలో ఉంది. తీర్పు మీద హైకోర్టుకు వెళ్లాలంటే 90 రోజుల గడువు. 25,000 రూపాయలు లేదా తీర్పు మొత్తంలో సగం, ఏది తక్కువైతే అది ముందుగా డిపాజిట్ చేయాలి.

"ఇల్లు భార్య పేరు మీద హిబా చేసేస్తే?"

ప్రమాదం తర్వాత ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. ముందు నుంచీ భార్య సొంత సొమ్ముతో కొన్న ఇల్లు, ఆమె మెహర్‌గా వచ్చిన ఆస్తి ఆమెదే. భర్త బాకీకి దాన్ని పట్టుకోరు. కానీ కేసు వచ్చాక, బాకీ ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన హిబాను కోర్టు రద్దు చేయగలదు. స్వాధీనం నిజంగా ఇచ్చారా, ఎప్పుడు ఇచ్చారు అన్నవి కూడా చూస్తారు. అంటే ఆస్తి పోవడమే కాక, మీ మీద నమ్మకం కూడా పోతుంది.

యజమాని చనిపోతే బాధ్యత మాయమవదు. అతను వదిలి వెళ్లిన ఆస్తి మీద ఉంటుంది. ఇది మనకు కొత్త మాట కాదు. మయ్యిత్ బాకీలు తీర్చాకే విరాసత్ పంచాలన్నది మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ట్రిబ్యునల్ తీర్పు కూడా అలాంటి బాకీయే. అయితే వారసులు తమకు వచ్చిన వాటా మేరకే జవాబుదారీ. కొడుకు సొంత సంపాదనను తండ్రి బండి కేసులో పట్టుకోరు.

నడిపిన మనిషికే ఏమైనా అయితే?

థర్డ్ పార్టీ అంటే బయటివాళ్లు. సొంత తప్పుతో ప్రమాదం చేసుకున్న యజమానికి ఆ పాలసీలో ఏమీ రాదు. అందుకే ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా పెట్టారు. చాలామంది "నాకు వేరే పాలసీ ఉంది" అని చెప్పి దీన్ని తీసేయించుకుంటారు. నిజంగా ఉంటే సరే. లేకపోతే ఇంటిని నడిపే మనిషి పోయాక భార్యాపిల్లలకు ఆ 15 లక్షలు కూడా మిగలవు. ఇది చెల్లాలంటే యజమానికి లైసెన్స్ ఉండాలి. స్నేహితుడి బండి అడిగి తీసుకెళ్లి సొంత తప్పుతో పడిపోయినవారిని కూడా చట్టం బండి యజమాని స్థానంలో ఉన్నట్టే చూస్తుంది.

ప్రమాదం జరిగిన రోజున

పారిపోవద్దు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకు చెప్పడం చట్టం ప్రకారం డ్రైవర్ బాధ్యత. జనం గుమిగూడి ప్రాణభయం ఉంటే దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లాలి, ఇంటికి కాదు. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా వైద్యం అందుతుంది. ఆసుపత్రిలో ఆ మాట అడగండి.

కంపెనీకి అదే రోజు రాతపూర్వకంగా తెలపండి. డ్రైవర్‌ను మార్చి చెప్పొద్దు. తమ్ముడు నడిపితే అన్న లొంగిపోవడం మన దగ్గర అలవాటు. కానీ ఇప్పుడు సీసీ కెమెరాలు, ఫోన్ లొకేషన్ అన్నీ చూస్తారు. అబద్ధం బయటపడితే మంచి పాలసీ కూడా చెడిపోతుంది, క్రిమినల్ కేసు అదనం. క్రిమినల్ కేసు వేరు, పరిహారం కేసు వేరు. శిక్షను ఏ బీమా కంపెనీ పంచుకోదు.

ఇక పెద్దమనుషుల్లో రాజీ సంగతి. రెండు లక్షలు చేతిలో పెట్టి, "ఇక ఏ కేసూ వేయం" అని కాగితం రాయించుకుంటారు. ఆ కాగితం ట్రిబ్యునల్ దారి మూసేస్తుందని నమ్మకండి. పైగా కంపెనీ ఒప్పుకోలు లేకుండా డబ్బు ఇస్తామని మాట ఇవ్వకూడదని పాలసీలో షరతు ఉంటుంది. మీరిచ్చిన రెండు లక్షలు కంపెనీ తిరిగి ఇవ్వదు. బాధితుల ఇంటికి వెళ్లడం, ఆసుపత్రి మందులకు సాయం చేయడం మనిషిగా చేయాల్సిన పని, అది చేయండి. దాన్ని కేసు బేరంతో కలపకండి. వాళ్లకు రావాల్సిన పూర్తి హక్కు కంపెనీ నుంచి ట్రిబ్యునల్ ద్వారా వస్తేనే వాళ్లకూ న్యాయం, మీకూ క్షేమం.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవారికి

మన పిల్లలు బయటి దేశాల్లో నడుపుతున్నారు కాబట్టి అక్కడి పద్ధతి కూడా రెండు మాటల్లో. గల్ఫ్‌లో ప్రాణం పోతే దియ్యత్ లెక్క ఉంటుంది. యూఏఈలో అది 2 లక్షల దిర్హమ్‌లు. సౌదీలో ప్రమాదవశాత్తు చనిపోయిన ముస్లిం పురుషుడికి 3 లక్షల రియాళ్లు. బండికి బీమా ఉంటే కంపెనీ కడుతుంది. లైసెన్స్ లేకుండానో, మత్తులోనో, ఎదురు దారిలోనో నడిపితే ఆ డబ్బు డ్రైవర్ దగ్గర తిరిగి రాబట్టుకుంటుంది. అందుకే అక్కడ కఫీల్ "ఈ బండి తీసుకెళ్లు" అన్నప్పుడు, బీమా ఉందా, ఆ రకం బండికి నా లైసెన్స్ సరిపోతుందా అని అడగడానికి మొహమాటపడొద్దు.

అమెరికాలో పరిమితి షరతుల్లోనే కాదు, అంకెల్లోనే ఉంటుంది. టెక్సాస్‌లో కనీస పాలసీ 30/60/25. అంటే ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి 30/60/15. అక్కడ ఆపరేషన్ జరిగి కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంటే 30,000 డాలర్లు ఇట్టే కరిగిపోతాయి. ఆ పైన ఉన్నది నడిపినవారి సొంత ఆస్తి, సంపాదన మీద దావాగా రావచ్చు. కొత్తగా వెళ్లిన విద్యార్థులు చవకైన కనీస పాలసీ తీసుకుంటారు. ఉద్యోగం వచ్చి, ఇల్లు కొన్నాక కూడా అదే పాలసీ కొనసాగిస్తేనే ప్రమాదం. 100/300కు పెంచుకోవడం, ఆ పైన అంబ్రెల్లా పాలసీ తీసుకోవడం అక్కడ మామూలు. ఎదుటివాడికి బీమా లేకపోయినా, చాలకపోయినా మనకు పనికొచ్చే రక్షణను కూడా వదులుకోవద్దు.

ఈ వారం చేయాల్సిన పని

వచ్చే జుమా నమాజు తర్వాత ఒక అరగంట కేటాయించండి. ఇంట్లో ఉన్న ప్రతి బండి కాగితాలూ బయటకు తీసి ఇవి చూడండి.

- పాలసీ ఆఖరి తేదీ ఎప్పుడు? ఫోన్‌లో నెల ముందే గుర్తు పెట్టుకున్నారా?
- అది థర్డ్ పార్టీ మాత్రమేనా, ప్యాకేజీ పాలసీనా? కారులో కూర్చునేవారికి రక్షణ ఉందా?
- ఆస్తి నష్టం పరిమితి 7.5 లక్షలా, 6,000కు తగ్గించారా?
- ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా ఉందా?
- ఆర్‌సీలో పేరు ఎవరిది? అమ్మేసిన పాత బండి ఏదైనా ఇంకా మీ పేరు మీదే ఉందా?
- నడిపే ప్రతి ఒక్కరి లైసెన్స్ ఆ రకం బండికి చెల్లుతుందా, గడువు ఉందా?
- రవాణా వాహనం అయితే పర్మిట్, ఫిట్‌నెస్ ఉన్నాయా?
- బండి తాళం ఎక్కడ వేలాడుతోంది? పిల్లాడి చేతికి అందుతోందా?

ఈ ఎనిమిదింటికీ సరైన జవాబు ఉంటే, రోడ్డు మీద ఏం రాసిపెట్టి ఉన్నా పరిహారం మీ ఇంటి మీదకు వచ్చే అవకాశం చాలా తక్కువ. ఎదుటి కుటుంబానికి దక్కాల్సింది ఆలస్యం లేకుండా దక్కే అవకాశం కూడా అంతే పెరుగుతుంది. ఒక్క జవాబు తేడాగా ఉన్నా, అది సరిచేసేదాకా ఆ బండిని ఇంటి ముందే ఉంచండి.